వేలు పోయిన రోజే కాగితం రాయించండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మన తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఏ కంపెనీకి ఎక్కడ భూమి ఇచ్చారు, ఎవరొచ్చి శంకుస్థాపన చేశారు, ఎన్ని వేల ఉద్యోగాలు వస్తాయన్నారు, ఇవన్నీ మీ పేపర్లో చదువుతూనే ఉంటాం. సంతోషమే. మా కాలంలో ఐటీఐ అయిపోతే హోసూరుకో, చెన్నైలో అంబత్తూరుకో పోవాల్సిందే, వేరే దారి లేదు. ఇప్పుడు గాజులమండ్యం, ఏర్పేడు, శ్రీసిటీ వైపు పోయే కంపెనీ బస్సులు తెల్లారకముందే ఊరి చివరికొచ్చి పిల్లల్ని ఎక్కించుకుని పోతున్నాయి. ఆ బస్సుల్లో పోయినవాళ్లలో కొందరు చేతికి కట్టుతో తిరిగొస్తున్నారు, వాళ్ల గురించి మాత్రం ఎక్కడా రెండు ముక్కలు కనపడవు. మనిషి చచ్చిపోతే వార్త. 2024 ఆగస్టులో అచ్యుతాపురం సెజ్‌లో పేలుడు జరిగి 17 మంది పోతే రాష్ట్రమంతా దాని గురించే మాట్లాడింది, మాట్లాడాల్సిందే. వేలు పోతే ఎవరికీ పట్టదు, మనిషి బతికే ఉన్నాడు కదా అనుకుంటారు.

నేను డై సెట్టర్‌ని. అంటే రేకు ముక్కలు కొట్టే ప్రెస్ మిషన్లకు డైలు (అచ్చులు) బిగించేవాణ్ణి. పనిచేసినన్నాళ్లూ ప్రెస్ షాపుల్లోనే, మొదట హోసూరులో, తర్వాత ఇక్కడ రేణిగుంట చుట్టుపక్కల. ఇప్పుడు సొంతంగా చిన్న లేత్ షాపు పెట్టుకున్నాను. ప్రెస్ దగ్గర వేళ్లు పోగొట్టుకున్నవాళ్లను చాలామందినే చూశాను, కొందరిని నేనే పట్టుకుని ఆటో ఎక్కించాను. అయినా పేపరుకు రాయాలని ఎప్పుడూ అనుకోలేదు. ఈసారి మా అక్క కొడుక్కి జరిగింది. కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు మొదలుకంటా పోయాయి. కంపెనీ పేరు రాయడం లేదు, రాస్తే మీరూ వేసుకోలేరు, పైగా ఇది ఒక్క కంపెనీలో జరిగేదే అయితే నేను ఇంత పొడుగు ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

ప్రెస్ అంటే తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. మీ ఇంట్లో స్విచ్ బోర్డు లోపలి రేకు ముక్క, ఫ్యాను క్లాంపు, బైకు కింద బ్రాకెట్టు, ఇలాంటివన్నీ రేకును డై మధ్య పెట్టి ఒక్క దెబ్బతో కోసో వంచో తీసినవే. ఆ దెబ్బ కొట్టేదే పవర్ ప్రెస్. పక్కన బరువైన ఫ్లైవీల్ ఆగకుండా తిరుగుతుంటుంది, కాలితో పెడల్ తొక్కితే లోపల పిన్ను పడి క్రాంక్ షాఫ్టును పట్టుకుంటుంది, దెబ్బ కొట్టే దిమ్మె, అంటే ర్యామ్, కిందికి దిగి మళ్లీ పైకి పోతుంది. పాత రకం పిన్ క్లచ్ ప్రెస్సుల్లో చిక్కేమిటంటే, ఒకసారి పిన్ను పడిందంటే చుట్టు పూర్తయ్యేదాకా దాన్ని ఆ దేవుడు కూడా ఆపలేడు. నిమిషానికి 60 దెబ్బలు కొట్టే ప్రెస్ అనుకోండి, చుట్టుకు ఒక సెకను, అందులో సగం కిందికి దిగడానికి. ఆ అర సెకనులో చెయ్యి వెనక్కి లాక్కోవాలి. ఇక లోపల స్ప్రింగు నీరసించినా, పిన్ను అంచు అరిగినా, ఒకసారి తొక్కితే రెండు దెబ్బలు పడతాయి. డబుల్ కొట్టడం అంటాం దాన్ని. ఒక దెబ్బ అయిపోయింది కదా అని మనిషి పీసు తీయడానికి చెయ్యి పెడతాడు, రెండోది పెడల్ తొక్కకుండానే వచ్చి పడుతుంది.

మావాడి ప్రెస్ చేసింది అదే. ఇది అప్పుడప్పుడూ డబుల్ కొడుతోందని ముందు షిఫ్టు వాళ్లు చెప్పారట, 'ఈ లాటు అయిపోనీ, ఆదివారం చూద్దాంలే' అన్నారట. నైట్ షిఫ్టు, కోసిన ముక్క డైలో ఇరుక్కుంది, ఎప్పట్లాగే కుడిచేత్తో తీయబోయాడు. అంతే.

తర్వాత అందరి నోటా వచ్చిన మొదటి మాట 'చూసుకోవద్దా?' సూపర్‌వైజర్ అన్నాడు, హెచ్ఆర్ అమ్మాయి అంది, చివరికి మా బావ కూడా ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని 'మావాడే చూసుకోకుండా పెట్టినాడప్పా' అని నాతో అన్నాడు. నాకు ఒళ్లు మండింది. గంటకు 600 పీసులు అనుకుందాం, 8 గంటల షిఫ్టుకి 4,800 సార్లు చెయ్యి డై కిందికి పోయి రావాలి. పన్నెండు గంటలు చేయిస్తే ఇంకా ఎక్కువ. తెల్లవారుజామున మూడింటప్పుడు, ఇంటి దగ్గర పగలు సరిగ్గా నిద్రపోని కుర్రాడు, 4,800 సార్లూ ఒక్క క్షణం కూడా ఆదమరవకూడదంటే అది మనుషుల వల్ల అయ్యే పనేనా? మనిషికి మరుపు, కునుకుపాటు ఉంటాయని తెలిసే కదా మిషన్‌కి గార్డు పెట్టాలని చట్టం చేసింది. ఫ్యాక్టరీల చట్టం 1948 నాటిది, అందులో 21వ సెక్షనే మిషన్ల ప్రమాదకరమైన భాగాలకు గట్టి కంచె ఉండాలని, మిషన్ నడుస్తున్నంతసేపూ ఆ కంచె దాని స్థానంలోనే ఉండాలని చెప్పింది. కార్మికుడు జాగ్రత్తగా ఉంటే కంచె అక్కర్లేదని ఎక్కడా రాయలేదు.

కంచె అంటే ఏమంత బ్రహ్మవిద్య కాదు. డై ముందు రేకు పట్టేంత సందు మాత్రం వదిలి జాలీ బిగిస్తే వేలు లోపలికి పోనే పోదు. రెండు చేతులతో రెండు బటన్లు ఒకేసారి నొక్కితేనే దెబ్బ పడేట్టు పెడితే రెండు చేతులూ బయటే ఉంటాయి. కొత్త రకం ప్రెస్సులకు లైట్ కర్టెన్ పెడతారు, చెయ్యి అడ్డొస్తే మధ్యలోనే ఆగిపోతుంది. పిన్ క్లచ్ ప్రెస్సుకి లైట్ కర్టెన్ తగిలించినా లాభం లేదు, అది మధ్యలో ఆగే రకం కాదు గనక. ఇది తెలియకో, తెలిసో, ఇన్‌స్పెక్షన్ వాళ్లకు చూపించడానికి దానికే ఎర్ర లైటు సెన్సార్ బిగించి పెట్టిన చోట్లు నేను చూశాను. ఏమీ లేకపోతే పీసు తీయడానికి అయస్కాంతం ఉన్న కర్రో, పొడుగు పటకారో ఇచ్చినా వేలు మిగులుతుంది, పెడల్ మీద రేకు మూత పెడితే పొరపాటున కాలు పడదు. ఇవి వందల్లోనో, వేలల్లోనో అయ్యే పనులు.

ఉన్న గార్డును తీసేయించడం ఇంకో బాగోతం. రెండు బటన్ల ప్రెస్సులో ఒక బటన్‌కి టేపు చుట్టేస్తారు, అప్పుడు ఒక చేత్తో రేకు తోస్తూ ఇంకో చేత్తో కొట్టొచ్చు, పీసులు ఎక్కువొస్తాయి. సెన్సార్‌కి వైరు ముక్కతో బైపాస్. ఎవరు చేయించారని అడిగితే ఎవరూ కాదు, ఆపరేటరే చేసుకున్నాడంటారు. టార్గెట్ పెట్టిందెవరు? గార్డు ఉంటే టార్గెట్ రాదని తెలిసీ అదే టార్గెట్ పెట్టినవాడు, టేపు తన చేత్తో చుట్టకపోయినా చుట్టించినట్టే. ఏటా మార్చి 4న జాతీయ భద్రతా దినం, వారమంతా బ్యానర్లు, ప్రతిజ్ఞలు, వ్యాసరచన పోటీలు. ఆయుధ పూజ నాడు ప్రెస్సుకి గంధం కుంకుమ పెట్టి, నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ కొట్టి దిష్టి తీస్తారు. తీయండి, నేనూ తీసినవాణ్ణే. అదే రోజు ఎలాగూ మిషన్లన్నీ ఆగి ఉంటాయి, ఆ స్ప్రింగులు, పిన్నులు కూడా విప్పి చూస్తే ఇంకా బాగుంటుంది కదా అని నా బాధ.

'గ్లవ్స్ ఇచ్చాం సార్' అని ఇంకో మాట చెప్తారు. ప్రెస్ దెబ్బకు గ్లవ్స్ ఏం ఆపుతుంది? రేకు అంచు కోసుకోకుండా పనికొస్తుంది, అంతవరకే. డ్రిల్లింగ్ మిషన్ దగ్గర, లేత్ దగ్గర, తిరిగే రోలర్ దగ్గరైతే గ్లవ్సే చంపుతుంది, దాని కొస పట్టుకుని చేతినంతా లోపలికి లాక్కుంటుంది. ఉంగరాలు, చేతి దారాలు కూడా అంతే. కొండకు పోయొచ్చి మణికట్టుకు కట్టుకున్న దారం తీయడానికి మనవాళ్లకు మనసొప్పదు, సెంటిమెంటు. నా షాపులో పిల్లలకు నేను చెప్పేది ఒకటే, లేత్ ఎక్కేముందు దాన్ని తీసి దేవుడి పటానికి కట్టు, సాయంత్రం మళ్లీ కట్టుకో.

ఇక వేలు తెగాక ఏం జరుగుతుందో చెప్తాను, ఎక్కువ పాడయ్యేది అక్కడే. తెగిన రెండు వేళ్లను ఎవరో మంచి మనసుతోనే టిఫిన్ డబ్బాలో ఐసు ముక్కలు పోసి, వాటి మీద నేరుగా పెట్టి పంపారు. అలా పెట్టకూడదు. ఐసు నేరుగా తగిలితే కండ, నరాలు చచ్చుబడిపోతాయి. శుభ్రమైన గుడ్డను సెలైన్‌లో తడిపి వేలికి చుట్టి, దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి బిగించి, ఆ కవర్ని ఐసు వేసిన నీళ్లలో పెట్టాలి. అలా చల్లగా ఉంచితే వేలికి దాదాపు ఒక రోజు గడువు దొరుకుతుంది, ఊరికే వదిలేస్తే అందులో సగమే. మణికట్టు దగ్గర తెగితే అంత టైము లేదు, చల్లగా ఉంచకపోతే ఆరు గంటలే. గాయం మీద శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి, చెయ్యి గుండెకంటే పైకి ఎత్తి పట్టుకోవాలి. పసుపు, కాఫీ పొడి అద్దకూడదు, అద్దితే డాక్టరు ముందు దాన్ని కడగడానికే అవస్థ పడాలి. ప్రెస్ కింద నలిగిన వేలు చాలాసార్లు అతకదు, కత్తిలాంటిదానితో తెగినంత శుభ్రంగా ఉండదు కాబట్టి. మావాడివి ఎలా తెచ్చినా అతికేవి కావేమో. కానీ ఆ మాట చెప్పాల్సింది మైక్రోసర్జరీ తెలిసిన డాక్టరు, ఐసు డబ్బా కాదు. చిత్తూరు వాళ్లకు ఒక అదృష్టం ఉంది, వేలూరు పక్కనే. కుష్ఠు వల్ల వంకర్లు పోయిన చేతుల్ని ఆపరేషన్లతో మళ్లీ పనికొచ్చేలా చేసిన పాల్ బ్రాండ్ డాక్టరు పనిచేసింది అక్కడి సీఎంసీలోనే, చేతి సర్జరీ విభాగం ఇప్పటికీ ఆయన పేరు మీదే నడుస్తోంది. ఇక్కడ చాలా షాపుల్లో మాత్రం దెబ్బ తగిలితే మొదట పోయేది కంపెనీకి తెలిసిన దగ్గరి నర్సింగ్ హోమ్‌కి. కుట్లు వేసి పంపించేస్తారు.

ఎందుకు అక్కడికే అంటే, కౌంటర్ దగ్గర ఏం రాయాలో చెప్పేది కంపెనీ మనిషి కాబట్టి. బైకు మీంచి పడ్డాడనో, ఇంట్లో తలుపు సందులో చెయ్యి పడిందనో రాయిస్తారు. మావాడి కేస్ షీట్‌లోనూ అలాంటి ముక్కే రాశారు. నేను పోయి డాక్టర్ గారినే పట్టుకుని, 'అయ్యా, పేషెంటుకి తెలివి ఉంది, మీరే అడగండి' అన్నాను. అడిగారు. వాడు చెప్పాడు. ఆయన కొట్టేసి 'పవర్ ప్రెస్‌లో పనిచేస్తుండగా' అని, టైముతో సహా రాసి సంతకం పెట్టారు, ఆ డాక్టరుకు దండం పెట్టాలి. ఆ ఒక్క లైను మీదే మా కేసు మొత్తం నిలబడింది. అందుకే చెప్తున్నాను, చెయ్యి దెబ్బ తగిలి ఆసుపత్రికి పోయినవాళ్ల తరఫు మనుషులు ముందు చూడాల్సింది బిల్లు కాదు, ఆ షీటు మీద ఏం రాశారన్నది. పోలీసులకు తెలియజేసే ఎంఎల్‌సీ కేసుగా రాయమనండి. ఐడీ కార్డు, ఆ రోజు షిఫ్టు లిస్టు, వాట్సాప్ గ్రూపులో వచ్చిన డ్యూటీ మెసేజ్, బస్సు పాసు, ఏదుంటే అది ఫోటో తీసి ఇంట్లోవాళ్లకు పంపి పెట్టుకోండి. మూడో రోజుకి గ్రూపులోంచి తీసేస్తారు.

ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) ఉన్న కార్మికుడికి పనిలో దెబ్బ తగిలితే యజమాని 24 గంటల్లో యాక్సిడెంట్ రిపోర్టు పంపాలి. ఈ ఫారం గురించే ఇన్ని అబద్ధాలు. ఆ ఫారం ఆఫీసుకు చేరితే ఇన్‌స్పెక్షన్ రావచ్చు, పెద్ద కంపెనీ కస్టమర్ ఆడిట్‌లో ప్రశ్న రావచ్చు, గేటు దగ్గర 'ప్రమాదం లేని రోజులు' అని తగిలించిన బోర్డు మీది అంకె మళ్లీ సున్నా అవుతుంది. ఇవతల కార్మికుడికి మాత్రం ఆ ఫారమే ఆధారం. నేను గేటు దగ్గర నిలబడి, సెక్యూరిటీతో మాటలు పడి, చివరికి కార్మిక శాఖకు అర్జీ పెడతానన్నాక మాది పంపారు, ఆలస్యంగానే. ఆలస్యమైనా తీసుకుంటారు, విచారణ చేస్తారు, టెన్షన్ పడి వదిలేయకండి.

నెలకు 21,000 దాకా జీతం ఉన్నవాళ్లకు ఈఎస్ఐ వర్తిస్తుంది. జబ్బు చేస్తే సెలవు డబ్బులకు ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలనే షరతు ఉంది గానీ, పనిలో దెబ్బకు అదేమీ లేదు, చేరిన మొదటి రోజు జరిగినా ఇవ్వాల్సిందే. పనికి పోలేని రోజులకు జీతంలో 90 శాతం లెక్కన ఇస్తారు, కనీసం మూడు రోజులు పనికి పోలేని దెబ్బయితే చాలు. ఆ డబ్బు తీసుకుంటున్నన్నాళ్లూ ఉద్యోగంలోంచి తీసేయకూడదు. తర్వాత మెడికల్ బోర్డు కూర్చుని సంపాదించే శక్తి ఎంత శాతం పోయిందో తేలుస్తుంది. వేళ్లకు చట్టంలో ఒక పట్టికే ఉంది. బొటనవేలు పోతే 30 శాతం, చూపుడు వేలు మొత్తం పోతే 14, మధ్య వేలు 12, ఉంగరం వేలో చిటికెన వేలో అయితే 7. ఒక చేతికి రెండు వేళ్లు పోతే 20, నాలుగూ పోతే 50. మావాడి లెక్కే వేద్దాం, నెలకు 15,000 అంటే రోజుకు 500, దానిలో 90 శాతం 450, అందులో 20 శాతం 90 రూపాయలు. నెలకు 2,700. తక్కువే, కాదనను. కానీ అది బతికున్నంతకాలం వస్తుంది.

ఈఎస్ఐ లేనివాళ్లకు 1923 నాటి పరిహార చట్టం. దాని లెక్క వేరు. జీతం ఎంతున్నా 15,000 వరకే లెక్కలోకి తీసుకుంటారు, దానిలో 60 శాతం 9,000, వయసు 25 అయితే దాన్ని 216.91తో గుణించాలి, అంటే 19,52,190. ఇందులో 20 శాతం 3,90,438 రూపాయలు. ఇప్పుడు చూడండి, కంపెనీ మనిషి కవర్లో పాతిక వేలు పెట్టి 'మందులకు ఉంచమ్మా' అని తల్లి చేతికిచ్చి, రాయని తెల్లకాగితం మీద సంతకం తీసుకుని పోతాడు. మా అక్క దగ్గరికీ వచ్చారు. ఆమె చదువుకోలేదు గానీ, 'మా తమ్ముడొచ్చి చూసినాక పెడతా' అంది. ఆ ఒక్క మాట లక్షల రూపాయల విలువైనది. హక్కు వదులుకుంటున్నట్టు రాయించుకున్న ఒప్పందం ఆ చట్టం ప్రకారం చెల్లదు, సంతకం పెట్టేసినవాళ్లు కూడా భయపడనక్కర్లేదు. క్లెయిమ్‌కి పాత చట్టం ఇచ్చిన గడువు రెండేళ్లు, ఆ లోపే వేసుకోవడం మంచిది. 2025 నవంబర్ 21 నుంచి ఈ చట్టాలన్నీ కొత్త లేబర్ కోడ్‌లలోకి వచ్చాయి, కాబట్టి ఫారం ఏదో, అధికారి ఎవరో కార్మిక శాఖ ఆఫీసులోనే అడిగి పోవాలి.

'వాడు మా ఎంప్లాయీ కాదు, కాంట్రాక్టర్ మనిషి' అనే మాట కూడా నమ్మకండి. కాంట్రాక్టర్ పెట్టిన మనిషైనా ముందు జవాబు చెప్పాల్సింది ఎవరి పని చేస్తున్నాడో ఆ కంపెనీయే, తర్వాత కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకోవడం వాళ్ల గొడవ. ఐటీఐ నుంచి వచ్చిన అప్రెంటిస్ పిల్లలకు ఈఎస్ఐ ఉండదు, అలాగని వాళ్లు గాల్లో లేరు, పరిహారం ఇవ్వాలని అప్రెంటిస్ చట్టంలోనే ఉంది. ఇంకో సంగతి, ఉద్యోగంలో చేరిన రోజే రావాల్సిన ఈఎస్ఐ కార్డు చాలామందికి దెబ్బ తగిలాకే వస్తోందని హర్యానా మానేసర్ వైపు ఆటో విడిభాగాల కార్మికుల మధ్య పనిచేసే సేఫ్ ఇన్ ఇండియా ఫౌండేషన్ వాళ్లు ఏళ్ల తరబడి చెప్తున్నారు. వాళ్లు వేలమంది చేతులు నలిగినవాళ్లను కలిసి రాసిపెట్టారు, ఎక్కువ వేళ్లు తీసింది పవర్ ప్రెస్సే. అక్కడ ఎవరో లెక్క రాశారు కాబట్టి మనకు తెలిసింది. ఇక్కడ రాసే నాథుడు లేడు.

శాతాల పట్టిక మీద నాకొక కోపం ఉంది. వెల్డర్‌కైనా వాచ్‌మన్‌కైనా చూపుడు వేలు 14 శాతమే. ఒడిశాలో ఒక వడ్రంగికి మోచేతి పైదాకా ఎడమ చెయ్యి తీసేస్తే, 1975లో సుప్రీంకోర్టు, ఒంటి చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి ఇది పూర్తి అంగవైకల్యమే అని తీర్పు చెప్పింది. యాభై ఏళ్లయింది. అది పరిహార చట్టం కింద వచ్చిన తీర్పు. ఆ తీర్పు గురించి మా జిల్లాలో ఒక్క కార్మికుడికైనా తెలుసా అని నా అనుమానం, నాకూ ఈ కేసులో పడ్డాకే ఒక వకీలు చెప్పారు.

ఇంటికొచ్చాక సంగతి. వేళ్లు లేనిచోట దురద పుడుతోందంటాడు. 'లేని వేలు ఎట్ల గీరుకునేది మామా?' అని అడిగితే నేనేం చెప్పాలి. మిగిలిన రెండు వేళ్లు బిగుసుకుపోకుండా రోజూ కసరత్తు చేయాలని ఫిజియోథెరపీ వాళ్లు చెప్పారు, చాలామంది కట్టు విప్పాక అది మానేస్తారు, అక్కడే బాగున్న వేళ్లు కూడా పాడవుతాయి. సంగటి అయితే తుంచుకుని తినేస్తాడు. చారన్నం కలిపి ఎత్తితే మాత్రం సందులోంచి అంతా కారిపోతుంది. ఇంట్లో స్పూను వాడతాడు, పెళ్లికి పోతే బంతిలో కూర్చోడు, ఆకలి లేదంటాడు. బైకు ముందు బ్రేకు పట్టేది కుడిచేతి ఆ రెండు వేళ్లతోనే కదా, దాన్ని మళ్లీ నేర్చుకుంటున్నాడు. ఒక సంబంధం వచ్చింది, చెయ్యి చూశాక మళ్లీ ఫోన్ చేయలేదు. మా అక్క ఎవరింటికి పోయినా 'మావాడి చేతికి ఏమీ లేదు, అన్ని పనులూ చేసుకుంటాడు' అని ఎవరూ అడగకముందే చెప్తోంది.

పనికి వెనక్కి పోయిన మొదటి రోజు జరిగింది కూడా రాయాలి. గేటు దగ్గర హాజరు మిషన్‌లో వాడి పేరు మీద ఎక్కించింది కుడి చూపుడు వేలే. బొటనవేలు పెట్టాడు, ఎర్ర లైటు. ఎడమచెయ్యి పెట్టాడు, ఎర్ర లైటు. వెనక లైన్లో ఉన్నవాళ్లు 'పోనీరా, పక్కకి జరుగు' అన్నారు. సెక్యూరిటీ అతను రిజిస్టర్‌లో రాసి లోపలికి పంపాడు గానీ, సిస్టమ్‌లో ఆ రోజు ఆబ్సెంట్ పడింది, జీతం కట్ అయ్యాక గానీ తెలియలేదు. ఒక వేలు మార్చి ఎక్కించడానికి ఎవరికీ తీరిక లేదు. ముందు ప్యాకింగ్‌లో లైట్ డ్యూటీ ఇచ్చారు, కాంట్రాక్టు గడువు అయ్యాక రెన్యువల్ చేయలేదు. తీసేశారని ఎవరూ అనలేరు, అదీ తెలివి.

వికలాంగుల పెన్షన్ వస్తుంది కదా అని ఊళ్లో చాలామంది సలహా. రాష్ట్రంలో ఆ పెన్షన్ ఇప్పుడు 6,000, మంచిదే. దానికి కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. రెండు వేళ్లు పోయినవాడు అక్కడికి చేరడం కష్టం. ప్రెస్ షాపుల్లో చేర్చుకోరు, వెల్డింగ్ చేయలేడు, ప్రభుత్వం దృష్టిలో వికలాంగుడూ కాడు. వీడిలాంటివాళ్లు ఎక్కడ పడతారో ఆ మధ్యలో ఒక్క పథకం కూడా లేదు.

నేను ప్రెస్ షాపుల గురించే రాశాను, నాకు తెలిసింది అది. చిత్తూరు వైపు తోతాపురి సీజన్‌లో పల్ప్ ఫ్యాక్టరీల్లో కన్వేయర్ దగ్గర నిలబడే ఆడవాళ్లు, గ్రానైట్ కోత దగ్గర ఉండేవాళ్లు, పల్లెల్లో బెల్లం కోసం చెరకు ఆడే గానుగ దగ్గర గడలు తోసేవాళ్లు, వీళ్ల గురించి వాళ్లలో ఎవరైనా రాస్తే బాగుంటుంది. గానుగ దగ్గరైతే ఇన్‌స్పెక్టరు లేడు, ఈఎస్ఐ లేదు, రోలరు చీర కొంగును పట్టుకుంటే ఇంజను ఆపడానికి ఎవరో ఒకరు పరిగెత్తాలి. చేతికందే చోట ఒక స్విచ్ ఉంటే చాలు.

పెద్ద కంపెనీల వాళ్లకు ఒక మాట. మీరు కొనే రేకు ముక్క అంచున బర్రు, అంటే కోతలో మిగిలిన గరుకు, కొంచెం ఎక్కువుంటే లాటు మొత్తం వెనక్కి పంపిస్తారు, నేను తిట్లు తిన్నవాణ్ణి కాబట్టి తెలుసు. మైక్రోమీటర్ పెట్టి కొలిచేవాళ్లు సప్లయర్ షాపుకి ఆడిట్‌కి వచ్చినప్పుడు ప్రెస్ ముందు ఒక నిమిషం నిలబడి గార్డు ఉందా, బటన్‌కి టేపు చుట్టి ఉందా అని చూడలేరా? గార్డు లేని ప్రెస్‌లో కొట్టిన పీసు మాకొద్దు అని మీరు ఒక్క లాటు వెనక్కి పంపండి, వారంలో అన్ని ప్రెస్సులకీ జాలీలు పడతాయి. ఏ ఇన్‌స్పెక్టరు వచ్చినా అంత తొందరగా పడవు.

మా వాడి ఫైలు ఇంకా మెడికల్ బోర్డు దాకా పోలేదు. ఫిజియోథెరపీ కాగితాలు ఒక సెట్టు తక్కువన్నారు, అవి తేవడానికి పోతున్నాం. ఎంత శాతం వేశారో, ఎప్పటికి వేశారో తేలాక మళ్లీ రాస్తాను. ఈలోగా ఇలాంటి కేసుల్లో తిరిగినవాళ్లు ఎవరైనా ఉంటే, ఏ ఆఫీసులో ఏ కాగితం అడిగారో మీ పేపరుకు రాయండి, మా బోటివాళ్లకు ఒక తిరుగుడు తప్పుతుంది.

ఇట్లు,
ఒక డై సెట్టర్,
రేణిగుంట, తిరుపతి జిల్లా